తొలి టాకీల క్యారెక్టర్ నటులది ‘తెర మీద నాటకం’ కాదు

తొలితరం తెలుగు టాకీల ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒకే తీర్పు వినపడుతుంది. ఒంగోలులో పరిషత్తు నాటకాల పోటీలు జరిగే రాత్రుల్లో వేదిక మీద నుంచి వింటున్నాం. ఆదివారం అనుబంధాల్లో చదువుతున్నాం. యూట్యూబులో పాత సినిమాల మీద మాట్లాడే కుర్రవాళ్ళూ అదే అప్పజెబుతున్నారు. ఖండించే ముందు ఆ తీర్పును దాని పక్షాన నిలబడి, బలం తగ్గించకుండా చెప్పాలి. అది ఇలా ఉంటుంది.

మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) తీసిన హెచ్.ఎం. రెడ్డి నటుల కోసం సురభి నాటక సమాజాన్నే ఆశ్రయించారు. మరుసటి ఏడు సి. పుల్లయ్య తీసిన ‘సావిత్రి’ అప్పటికే నాటకంగా ఊరూరా ఆడిన కథ. యముడు, కంసుడు, దుర్యోధనుడు, అందరూ రంగస్థలం మీద పేరు తెచ్చుకుని స్టూడియోకి వచ్చినవారే. కెమెరా కదలదు. నటుడు నిలబడి పద్యం ఎత్తుకుంటాడు, చివర రాగం తీస్తాడు. కనుక అది సినిమా కాదు, తెర మీద ఆడిన నాటకం. హీరో పక్కన తండ్రి, మంత్రి, షావుకారు, విలన్ వేషాలు కట్టిన క్యారెక్టర్ నటులకు గొంతు తప్ప వేరే సాధనం లేదు. డజన్లకొద్దీ సినిమాల్లో కనిపించారు గానీ ఎందులో చూసినా మనిషి ఒక్కడే, మారింది కిరీటమే. తెరకు తగిన నటన ఎస్.వి. రంగారావుతో మొదలైంది. అంతకు ముందువాళ్ళకి దండం పెట్టవచ్చు, చూసి నేర్చుకునేదేమీ లేదు.

ఈ వాదనలో చెప్పిన సంగతులు చాలావరకు నిజమే. వాటి మీద కట్టిన తీర్పే తప్పు. ఎక్కడెక్కడ తప్పో వరసగా చూద్దాం.

ఒకటి: వచ్చిన చోటు వేరు, చేసిన పని వేరు

నటులు నాటకం నుంచి వచ్చారు కాబట్టి వాళ్ళు తెర మీద చేసింది నాటకమే అనడం తర్కానికి నిలవదు. నిలిస్తే, రంగస్థలం మీద ఎవరు ఎంత పెద్దవారో తెర మీద కూడా అంతే పెద్దవారు కావాలి. చరిత్ర అలా లేదు.

బళ్ళారి రాఘవను మించిన పేరు ఆ రోజుల్లో తెలుగు రంగస్థలానికి లేదు. 1936లో ఒకే ద్రౌపది కథతో రెండు సినిమాలు పోటీపడి వచ్చాయి. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు రాఘవ. అది నిలవలేదు. గెలిచింది రెండోది, ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’. తర్వాత ‘రైతుబిడ్డ’ (1939)లో, మరో చిత్రంలో కనిపించి రాఘవ తెరకు దూరమయ్యారు. ఇక మన పక్కనున్న బాపట్ల స్థానం నరసింహారావు. ఆయన సత్యభామ వేషం చూడటానికి ఊళ్ళు ఊళ్ళు కదిలి వచ్చేవి. ఆయన చేసిన సినిమాలు చేతివేళ్ళకు మించవు. నాటకమూ తెరా ఒకటే అయితే ఈ ఇద్దరూ తెరను ఏలి ఉండాలి.

ఏలినది ఎవరు? తెనాలిలో వైద్యం చేసుకుంటూ నాటకాలాడిన డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు. రంగస్థలం మీద కృష్ణుడిగా, రామదాసుగా పాడిన చిలకలపూడి సీతారామాంజనేయులు, మనం సి.ఎస్.ఆర్. అని పిలుచుకునే ఆయన. అదే నాటకం నుంచి వచ్చినవాళ్ళలో కొందరు తెరకు నిలిచి, అంతకన్నా పెద్దవాళ్ళు కొందరు నిలవలేదంటే, నిలిచినవాళ్ళు తెర కోసం కొత్తగా ఏదో నేర్చుకున్నారన్నమాట. ఆ ‘ఏదో’ ఏమిటని అడగడమే విమర్శకుడి పని. ‘తెర మీద నాటకం’ అనేవారు సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు.

హాలీవుడ్‌నే చూడండి. 1927 తర్వాత మాటలు రాగానే అక్కడి స్టూడియోలు బ్రాడ్వే నాటకశాలల నుంచి నటులను రప్పించుకున్నాయి. తొలి టాకీల్లో మైకు పెట్టిన చోటే నటులు గుమిగూడి మాట్లాడారు. అయినా ఆ దశాబ్దపు క్యారెక్టర్ నటులను అక్కడ ఎవరూ నాటకాలవాళ్ళని తోసిపుచ్చలేదు. సహాయ పాత్రలకు ఆస్కార్ 1936 చిత్రాల నుంచే మొదలైంది. వాల్టర్ బ్రెనన్ ఐదేళ్ళలో మూడుసార్లు అందుకున్నాడు. హీరో వేషం కట్టకుండానే.

రెండు: గొంతు గురించి

‘గొంతు తప్ప ఏమీ లేదు’ అనేవారు ఆ గొంతు ఎలాంటి పరిస్థితుల్లో తెరకెక్కిందో ఆలోచించరు. తెలుగులో ప్లేబ్యాక్ 1943లో ‘భాగ్యలక్ష్మి’తో వచ్చిందని చెబుతారు. అప్పటిదాకా నటుడు తన పాట తానే, కెమెరా తిరుగుతుండగా, మైకుకు అందేంత దూరంలో నిలబడి పాడాలి. కదిలితే శబ్దం పోతుంది. కాబట్టి నటుడు నిలబడిపోవడానికి కారణం యంత్రం. నాటకంలో నటుడు స్టేజి ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే పద్యం పాడేవాడు. తొలి టాకీల నిశ్చలత్వాన్ని నాటకం ఖాతాలో వేయడం నాటకం ఎలా ఉండేదో తెలియనివారు చేసే పని.

ఇంకో సంగతి. మైకు లేని పందిట్లో, రాత్రంతా, ఆఖరి వరసలో చాప మీద కూర్చున్న రైతుకు వినపడేలా పద్యం విసరడం నాటక నటుడి విద్య. స్టూడియోలో మైకు ముందు ఆ విసురు పనికిరాదు, ముద్ద అయిపోతుంది. గొంతును తగ్గించుకుని, మాట స్పష్టత పోకుండా చూసుకోవాలి. అంటే ఏళ్ళ తరబడి సాధించిన దాన్ని సగం విడిచిపెట్టుకోవాలి. ఇది నాటకం నేర్పని విద్య, నాటకానికి ఎదురు విద్య.

వేమూరి గగ్గయ్య గర్జించారన్నది నిజం. ‘సావిత్రి’లో యముడు, ‘శ్రీకృష్ణ లీలలు’ (1935)లో కంసుడు ఆయనే. యముడు గుసగుసలాడితే బాగుండేదని ఎవరైనా అంటే వాళ్ళతో నాకు వాదన లేదు, అది రుచిభేదం. కానీ ఒక్క గగ్గయ్య గర్జనను చూపించి ఒక తరం మొత్తానికి ‘అరుపు’ అని పేరు పెట్టడాన్ని ఒప్పుకోను. గగ్గయ్య ఉన్న కాలంలోనే 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. తాపీ ధర్మారావు అందులో ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషలో మాటలు రాశారు. పద్యం మీద ఊగే నటుడికి ఆ మాటలు లొంగవు. ఆచారాన్ని పట్టుకు వేలాడే సుందరరామశాస్త్రిగా అందులో వేసింది గోవిందరాజుల సుబ్బారావు. మొదటి సినిమాకే ఆయన చేతికి వచ్చినది వాడుక భాష. ఆ ఏటికి తెలుగు టాకీకి ఆరేళ్ళే.

మూడు: ‘ఎందులో చూసినా ఒకే మనిషి’

ఈ మాట అందరికన్నా ఎక్కువగా సి.ఎస్.ఆర్. మీద పడింది. కనుక ఆయన సంగతే కాస్త నిలబడి చూడాలి.

1936 ద్రౌపదీ వస్త్రాపహరణంలో ఆయన శ్రీకృష్ణుడు. 1939లో పి. పుల్లయ్య తీసిన ‘బాలాజీ’లో సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామి. జనం చేతులెత్తి మొక్కిన ముఖం అది. 1951 ‘పాతాళ భైరవి’లో ఉజ్జయిని రాజు. 1953 ‘దేవదాసు’లో పార్వతిని రెండో పెళ్ళి చేసుకున్న జమీందారు. 1955లో ఒక్క ఏడాదిలోనే రెండు: ‘రోజులు మారాయి’లో రైతుల భూమి మీద కన్నేసిన జమీందారు సాగరయ్య, ‘కన్యాశుల్కం’లో రామప్ప పంతులు. 1957 ‘మాయాబజార్’లో శకుని. 1961 ‘జగదేకవీరుని కథ’లో రాజు పిచ్చికి వంతపాడే మంత్రి బాదరాయణ ప్రగడ. తెలుగు తెర మీద దేవుడి నుంచి దేవాంతకుడి దాకా ఇంత దూరం నడిచిన మరో నటుడి పేరు చెప్పమనండి, ఆలోచించి చెప్పాల్సి వస్తుంది.

వాదన కోసం ఒప్పుకుందాం, వేషాలు వేరైనా పద్ధతి ఒకటే అని. అప్పుడు ఇద్దరు జమీందార్లను పక్కపక్కన పెట్టి చూడండి. దేవదాసులో జమీందారు చెడ్డవాడు కాడు. వయసు మళ్ళిన మనిషి, ఇంట్లో ఎదిగిన పిల్లలు, పక్కన మనసు వేరేచోట ఉన్న చిన్న వయసు భార్య. ఆ పాత్రను కొంచెం ఎక్కువ చేస్తే విలన్ అవుతాడు, కొంచెం తక్కువ చేస్తే జనం నవ్వుతారు. రెండిట్లో ఏది జరిగినా పార్వతి కథ కూలిపోతుంది. సి.ఎస్.ఆర్. అక్కడ పరువుగా ఉండిపోయారు. సాగరయ్య దగ్గర ఆ పరువే మోసానికి ముసుగు. గుంటూరు, ఒంగోలు తాలూకాల్లో పత్తి, మిరప వేసే రైతులకు అలాంటి మనుషులు కొత్తకాదు. కండువా సర్దుకుంటూ తియ్యగా మాట్లాడి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాళ్ళను కళ్ళారా చూసినవారు. సినిమాలో చెడ్డ జమీందారు మీసం మెలేసి కొరడా పట్టి వచ్చి ఉంటే వాళ్ళు అది కథ అనుకుని ఊరుకునేవారు. సాగరయ్య అలా రాలేదు.

ఇక మాయాబజార్. ఆ సినిమాలో ఘటోత్కచుడిగా ఎస్.వి.ఆర్., బలరాముడిగా గుమ్మడి, దుర్యోధనుడిగా ముక్కామల ఉన్నారు. అందరూ కంచు గొంతులవాళ్ళే. వాళ్ళ మధ్య శకుని గొంతు పెంచడు. చివర పెళ్ళింట్లో ఆయన్ను సత్యపీఠం ఎక్కిస్తారు. దాని మీద నిలబడితే మనసులో ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. సినిమా పొడవునా మాటను లెక్కపెట్టి వాడిన మనిషి నోరు అక్కడ ఆయన వశం తప్పుతుంది. ఒకే వేషం, ఒకే ముఖం. అంతసేపూ ఆయన ఎంత అణిచిపెట్టి నటించారో ఆ ఒక్క సన్నివేశంలో తెలుస్తుంది. ముందు నుంచీ గొంతు చించుకుని ఉంటే సత్యపీఠానికి అర్థమే ఉండేది కాదు. ముగింపు కోసం రెండున్నర గంటల ముందు నుంచి గొంతు దాచుకోవడం, అదీ సన్నివేశాలు వరస తప్పి ముక్కలు ముక్కలుగా తీసే చోట, ఏ నాటకం నేర్పుతుంది? నాటకం సాయంత్రం మొదలై తెల్లారే దాకా ఒకే ప్రవాహంగా సాగుతుంది. తెర మీద ఆ ప్రవాహాన్ని నటుడు తన తలలో మోసుకు తిరగాలి.

అంతకు ఇరవై ఒక్క ఏళ్ళ ముందు కౌరవ సభ కథలో కృష్ణుడైన మనిషి ఈ శకుని అని తెలిస్తే, ‘ఒకే మనిషి’ అన్న మాట అనడానికి నోరు రాకూడదు.

నాలుగు: ‘రంగారావుతో మొదలైంది’

ఎస్.వి. రంగారావు మహానటుడు. ఆ మాటకు ఎదురు లేదు, నర్తనశాలలో ఆయన కీచకుడికి జకార్తాలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అయితే ఆయన ‘వరూధిని’ (1946)తో తెరకు వచ్చేనాటికి సుబ్బారావు తెర మీద ఎనిమిదేళ్ళ పాతవారు. పాతాళ భైరవిలో నేపాళ మాంత్రికుణ్ణి చూసి తెలుగు మాంత్రికుడు అక్కడే పుట్టాడనుకునేవారు తొమ్మిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’లో మాయల మరాఠీ సుబ్బారావు. పసిబిడ్డ తల్లిని ఎత్తుకుపోయి ఏళ్ళ తరబడి బతిమాలుకునే మాంత్రికుడు. భయపెట్టాలి, అదే సమయంలో ఆమె ముందు చులకన కావాలి. క్రౌర్యం పక్కన వెకిలితనం కలిసిన మాంత్రికుడికి తెలుగు తెర మీద బాట వేసింది ఆ వేషమే.

పోలికలు అక్కర్లేదు, ఇద్దరినీ ఒకే సినిమాలో చూడవచ్చు. 1950లో విజయావారి తొలి చిత్రం ‘షావుకారు’. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, కెమెరా మార్కస్ బార్ట్లే, రచన చక్రపాణి. రౌడీ సున్నం రంగడు రంగారావు. షావుకారు చెంగయ్య సుబ్బారావు. సినిమా పేరే ఆ పాత్ర పేరు. రామారావు, జానకి ప్రేమికులు, కానీ కథ మోసేది చెంగయ్య.

ఆ పాత్రలో ఏముంది? పక్కింటి రామయ్యతో అన్నదమ్ముల్లాంటి స్నేహం. ఒక అప్పు తగాదాలో రామయ్య తనకు అనుకూలంగా సాక్ష్యం చెప్పడు. అక్కడ మొదలైన కినుక గోడ పొడవునా పెరిగి రెండిళ్ళను తినేస్తుంది. హత్య లేదు, శపథం లేదు, పద్యం అసలే లేదు. ఉన్నదల్లా వడ్డీ లెక్కలు, అరుగు మీద మాటలు, అహం. మంచివాడు కాకుండా, చెడ్డవాడూ కాకుండా, ఊళ్ళో ప్రతి వీధిలో ఉండే మనిషిని సినిమా పొడవునా నిలబెట్టాలి. అందులో సుబ్బారావు చూపించిన నిగ్రహానికి నాటకంలో చోటే లేదు, ఎందుకంటే ఆఖరి వరసకు అది కనిపించదు. దగ్గరగా వచ్చిన కెమెరాకే కనిపిస్తుంది. అదే మనిషి అంతకు కొద్ది నెలల ముందు 1949 చివర్లో కె.వి. రెడ్డి ‘గుణసుందరి కథ’లో కూతుళ్ళ పొగడ్తకు లొంగి నష్టపోయిన ఉగ్రసేన మహారాజు. అయిదేళ్ళకు కన్యాశుల్కంలో లుబ్ధావధానులు. పసిపిల్లను కొనుక్కుని పెళ్ళాడబోయే పిసినారి ముసలివాడు, అసహ్యం పుట్టాల్సినవాడు. ఆ అసహ్యాన్ని పోనివ్వకుండానే ఆయన మోసపోయినప్పుడు మనకు జాలి పుట్టించారు. పిసినారితనం చెంగయ్యకూ ఉంది, అవధానులుకూ ఉంది. చెంగయ్యది సంపాదించినవాడి పిసినారితనం, అవధానులుది భయస్థుడిది. రెండూ కలగలవవు.

రంగారావు ఈ చెంగయ్య పక్కన నిలబడి సున్నం రంగడు వేశారు. పాతాళ భైరవిలో సి.ఎస్.ఆర్. ఉన్నారు, మాయాబజార్‌లో మళ్ళీ ఉన్నారు. రంగారావు శూన్యంలో నుంచి పుట్టలేదు. తెర నటన ఎలా ఉంటుందో అప్పటికే చేసి చూపిస్తున్నవాళ్ళ నడుమ పెరిగారు. వాళ్ళను చెరిపేస్తే రంగారావును కూడా అర్థం చేసుకోలేం.

అయిదు: చూడకుండా చెప్పిన తీర్పు

‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఇప్పుడు లేదు. 1930ల తెలుగు చిత్రాల్లో మిగిలినవి కొద్ది. మిగిలినవి కూడా ప్రతికి ప్రతి తీసి తీసి గీతలు పడి, శబ్దం గరగరలాడే స్థితిలో మనకు చేరాయి. చినిగిన శబ్దంలో మామూలు మాట కూడా అరుపులా వినపడుతుంది. ఉన్నవి చూడకుండా, పోయినవి ఊహించుకుని తీర్పు చెప్పడం విమర్శ కాదు. ఆ తీర్పు ఇచ్చేవారిలో ఎంతమంది ‘షావుకారు’ మొదటి నుంచి చివరిదాకా చూశారో నాకు అనుమానమే. చూసినవారు ఆ మాట అనలేరు.

ఆరు: ఈ మాట వల్ల జరుగుతున్న నష్టం

ఇది పాతవాళ్ళ గౌరవం గురించిన గొడవ అయితే ఇంత రాయనక్కర్లేదు. నష్టం ఇప్పుడు జరుగుతోంది, ఇక్కడ జరుగుతోంది.

మొదటి నష్టం చరిత్రకు. మన సినిమా చరిత్రను హీరోల వరసగా రాసుకున్నాం. తొలి దశాబ్దాల్లో హీరో, తక్కినవారు అన్న విభజన ఇంత గట్టిగా లేదు. గుణసుందరి కథకు కథానాయకుడు హాస్యనటుడు కస్తూరి శివరావు, షావుకారుకు మూలస్తంభం యాభై దాటిన సుబ్బారావు. తర్వాత వచ్చిన హీరో కాలపు కొలబద్దను వెనక్కి తీసుకెళ్ళి పెట్టి కొలిచి, వీళ్ళు ‘సహాయ నటులు’ అంటున్నాం. పైగా బహుమతులు కూడా వీళ్ళకు అందలేదు. సుబ్బారావు 1959లో, సి.ఎస్.ఆర్. 1963లో పోయారు. నంది బహుమతులు 1964లో మొదలయ్యాయి. జాతీయ స్థాయిలో ఉత్తమ సహాయ నటుడి బహుమతి 1984 దాకా లేదు. బహుమతుల పట్టికలు చూసి గొప్పతనం లెక్కవేసేవారికి వీళ్ళు కనిపించకపోవడం వీళ్ళ లోటు కాదు.

రెండో నష్టం నాటకానికి. ‘నాటకంలా ఉంది’ అన్నదాన్ని నటనకు తక్కువ మార్కులు వేయడానికి వాడుకోవడం ఒంగోలుకు తగదు. టంగుటూరి ప్రకాశం చిన్నప్పుడు గురువు హనుమంతరావు నాయుడి చేయి పట్టుకుని ఈ ఊళ్ళోనే నాటకాలాడి, ఆడవేషాలు కట్టి, జనం ముందు నిలబడటం నేర్చుకున్నారు. ఆయన సోదరుడి కూతురైన టంగుటూరి సూర్యకుమారి రైతుబిడ్డలో బాలనటిగా కనిపించారు. 1970 దాకా మనం గుంటూరు జిల్లాలోనే ఉన్నాం; తెనాలి, బాపట్ల, ఒంగోలు నాటకాలవాళ్ళు ఒకే పందిళ్ళలో తిరిగినవాళ్ళు. ఆ పందిళ్ళే ఈ క్యారెక్టర్ నటుల బడి. అక్కడి నుంచి ఏది తెరకు తెచ్చుకోవాలో, ఏది గుమ్మం బయట వదిలేయాలో వాళ్ళు తేల్చుకున్నారు. ఆ తేల్చుకోవడమే తెలుగు తెర నటన.

మూడో నష్టం అన్నిటికన్నా పెద్దది, నేర్చుకునే పిల్లలకు. పరిషత్తు పోటీలకు వస్తున్న ఇప్పటి కుర్రవాళ్ళకు సీరియళ్ళ నటన తప్ప ఇంకో నమూనా దొరకడం లేదు. మాటకు ముందే ముఖం తిప్పడం, ప్రతి వాక్యానికీ కళ్ళు పెద్దవి చేయడం అక్కడి నుంచే వస్తోంది. వాళ్ళకు ‘పాతవాళ్ళు అరిచేవాళ్ళు, వాళ్ళను చూడకండి’ అని చెబుతున్నది మనమే. చెంగయ్యను చూస్తే అరవకుండా కోపం ఎలా చూపాలో తెలిసేది. శకుని నుంచి ఎక్కడ ఆగాలో తెలిసేది.

కాబట్టి పోటీల నిర్వాహకులను, న్యాయనిర్ణేతలను, కాలేజీల్లో నటన శిక్షణ ఇస్తున్నవారిని అడుగుతున్నాను. ఈసారి పోటీల ముందు రోజు ఉపన్యాసాలు మానేసి, షావుకారు, కన్యాశుల్కం పూర్తిగా ప్రదర్శించండి. మాయాబజార్‌లో శకుని ఉన్న ప్రతి సన్నివేశాన్నీ విడిగా తీసి వరసగా వేయండి, సత్యపీఠం దగ్గరికి వచ్చేదాకా. ఆ తర్వాత పిల్లలను లేపి, వీళ్ళు చేసింది నాటకమో సినిమానో వాళ్ళనే చెప్పమనండి.